గ్వాడలూప్‌కి మూడు నెలలు, గ్రెనడాకి మూడు రోజులు. ఎందుకని?

తీరరేఖ (ప్రశ్న):

18వ శతాబ్దపు నౌకాయుద్ధాల్లో చేతులు మారిన దీవుల తేదీలు పట్టికగా రాసుకుంటున్నాను. అంకెలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు.

గ్వాడలూప్ (ఫ్రెంచివాళ్ళది): బ్రిటిష్ నౌకలు బాస్‌తేర్ ఊరి మీద కాల్పులు మొదలుపెట్టింది 1759 జనవరి 22న, దీవి లొంగింది మే 1న. హవానా (స్పెయిన్‌ది): బ్రిటిష్ వాళ్ళు 1762 జూన్ 7న దిగారు, ఊరు దక్కింది ఆగస్టు 13న. గ్రెనడా: ఫ్రెంచి అడ్మిరల్ దెస్తాఁ 1779 జూలై 2న వచ్చాడు, 4వ తేదీకల్లా దీవి ఆయనదైపోయింది. ట్రింకోమలీ: ఫ్రెంచి నౌకాదళపతి సుఫ్రెన్ 1782 ఆగస్టు 25న వచ్చాడు, ఆ నెల దాటకుండానే అక్కడి కోటలు రెండూ ఫ్రెంచివాళ్ళ చేతికొచ్చాయి.

సైన్యం ఎక్కువుంటే త్వరగా పడుతుందనుకుందామా అంటే అదీ కాదు. వీటన్నిటిలో ఎక్కువ సైన్యం వెళ్ళింది హవానా మీదికే. నా అనుమానాలు రెండు. ఒక్కో పెద్ద యుద్ధనౌక మీద 60, 70, 80 ఫిరంగులుంటాయి కదా, సముద్రం మీంచే కోటను కొట్టి పని ముగించడానికి ఏమి అడ్డం? రెండోది, ఓడలు బయల్దేరిన దగ్గర్నుంచి లొంగుబాటు కాగితం మీద సంతకం దాకా పని ఏ వరసలో నడిచేది, ఎక్కడ బెడిసికొట్టేది? ఎవరు గెలిచారన్నది ఎక్కడైనా దొరుకుతోంది, ఎలా చేశారన్నదే దొరకడం లేదు.

గాలివాటు:

మీ పట్టికలో ఒక గడి తక్కువైంది: గాలి. కరీబియన్ దీవుల్లో దాదాపు ఏడాది పొడుగునా గాలి తూర్పు నుంచి పడమటికి వీస్తుంది. తెరచాప ఓడకి గాలి వెంట పోవడం ఒక పని, గాలికి ఎదురెక్కడం మరో పని. బార్బడోస్ మిగతా దీవుల వరసకి తూర్పున విడిగా ఉంటుంది. అందుకే 1759లోనూ 1762లోనూ బ్రిటిష్ దండు ముందు బార్బడోస్‌లోని కార్లైల్ బేలో పోగైంది. అక్కణ్ణుంచి మార్టినిక్‌కి ఒకటి రెండు రోజుల ప్రయాణం. అదే జమైకా నుంచి మార్టినిక్‌కి రావాలంటే అటో వంక ఇటో వంక కోసుకుంటూ వారాలు పడుతుంది. చుట్టూ దీవులన్నీ చేతులు మారుతున్నా బార్బడోస్ మాత్రం బ్రిటిష్ వాళ్ళ దగ్గరే ఉండిపోవడానికి ఇదొక పెద్ద కారణం. 1781 చివర్లో ఫ్రెంచి నౌకాదళపతి ద గ్రాస్, సేనాని బుయే ఇద్దరూ నిజానికి బార్బడోస్ మీదికే బయల్దేరారు. ఎదురుగాలి వెనక్కి నెట్టేస్తే విసిగిపోయి, గాలి వాలున ఉన్న సెయింట్ కిట్స్ మీదికి మళ్ళారు.

తర్వాత చూడాల్సింది నెల. జూలై నడుమ నుంచి అక్టోబరు దాకా హరికేన్ల కాలం. 1780 అక్టోబరులో వచ్చిన ఒక్క హరికేన్ బార్బడోస్, సెయింట్ లూసియా, మార్టినిక్ చుట్టుపక్కల కలిపి 20 వేల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. కాబట్టి యూరప్‌లో చలికాలం ముందు బయల్దేరి, జనవరికి దిగి, వానలు ముదరకముందే ముగించాలి. గ్వాడలూప్, మార్టినిక్ దండయాత్రలు రెండూ ఈ లెక్కనే జనవరిలో మొదలయ్యాయి. హవానాకి ఆ వీలు చిక్కలేదు. స్పెయిన్ మీద యుద్ధం ప్రకటించిందే 1762 జనవరిలో. ఓడలు ఇంగ్లండు వదిలేసరికి మార్చి, నేల మీద దిగేసరికి జూన్. సరిగ్గా జ్వరాలు మొదలయ్యే నెల.

ఇక ఓడల లెక్క. దూరప్రయాణానికి ఒక్కో సైనికుడికి ఒకటిన్నర నుంచి రెండు టన్నుల ఓడ అద్దెకి తీసుకునేవారు. గ్వాడలూప్ దండు 6,000 మంది అనుకుంటే 9 వేల నుంచి 12 వేల టన్నులు, అంటే 300 టన్నుల రవాణా ఓడలు 30 నుంచి 40. ముట్టడి ఫిరంగులు, మందుగుండు, ఆసుపత్రి సామాను ఇందులో లేవు, వాటికి వేరే ఓడలు. ఎక్కించేటప్పుడే జరిగే తప్పొకటుంది: దిగగానే కావలసిన పారలు, గునపాలు, ఖాళీ ఇసుక సంచులు అడుగున పడిపోవడం, బిస్కెట్ పీపాలు పైన ఉండడం. మొదట కావలసింది చివర ఎక్కాలి.

దిగడానికి 1758 నుంచి బ్రిటిష్ వాళ్ళు ప్రత్యేకంగా కట్టించిన చదును అడుగు పడవలు వాడారు. పెద్దరకం 36 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, నీళ్ళలో రెండడుగులే మునిగేది. 16 నుంచి 20 తెడ్లు, 50, 60 మంది సైనికులు. తెడ్డు వేసేది నావికులు, వాళ్ళు నేల మీద కాలు పెట్టరు. ఒడ్డుకి కాస్త దూరాన పడవ వెనక నుంచి చిన్న లంగరు వదులుతారు, సైనికులు దూకాక ఆ తాడు పట్టి లాక్కుని వెనక్కొస్తే పడవ ఇసుకలో కూరుకోదు. తుపాకులు మోకాళ్ళ మధ్య నిలువుగా, మందు దట్టించకుండా పెట్టుకోవాలి. ఒడ్డున వరస కట్టేదాకా కాల్చకూడదు. ఊగే పడవలోంచి కాలిస్తే ఎవరికీ తగలదు, పైగా తడి చేతులతో మళ్ళీ దట్టించడం కుదరదు.

ఒడ్డు ఎంచుకోవడంలో చూసేవి: యుద్ధనౌక దగ్గరికొచ్చి లంగరు వేసేంత లోతు, తక్కువ అల, మంచినీళ్ళ వాగు, ఊరివైపు దారి. ఈ దీవుల్లో పడమటి తీరం గాలి చాటున ప్రశాంతంగా ఉంటుంది కాబట్టి రేవులన్నీ అటే ఉన్నాయి: గ్వాడలూప్‌లో బాస్‌తేర్, మార్టినిక్‌లో ఫోర్ రాయల్, గ్రెనడాలో సెయింట్ జార్జెస్. ఫిరంగులన్నీ కూడా అటే ఉన్నాయన్నమాట. అందుకని రేవుకి కొన్ని మైళ్ళు పక్కన దిగి, ఈలోగా కొన్ని ఓడల్ని మరో చోట దిగబోతున్నట్టు నటింపజేస్తారు.

ఇది తేడా కొడితే ఎలా ఉంటుందో బ్రిటనీ తీరంలోని బెల్‌ఈల్ దగ్గర చూడొచ్చు. 1761 ఏప్రిల్ 8న బ్రిటిష్ వాళ్ళు పోర్ట్ ఆంద్రోలో దిగబోయారు. ఎదురుగా నిటారు గట్టు, దాని మీద కందకాల్లో ఫ్రెంచివాళ్ళు. దాదాపు 500 మందిని పోగొట్టుకుని వెనక్కొచ్చారు. రెండు వారాల తర్వాత, ఏప్రిల్ 22న, ఎవరూ ఎక్కలేరని ఫ్రెంచివాళ్ళు పెద్దగా కాపలా పెట్టని కొండచరియ దగ్గర దిగి పైకి పాకారు, నిలబడ్డారు. అప్పుడు కూడా కోట లొంగింది జూన్‌లోనే.

గండికోట:

మీ మొదటి అనుమానం గురించి. ఓడలు కోటని కొట్టగలవా లేదా అన్నది ఆ కోట ఎంత ఎత్తున ఉందన్న దాని మీద ఉంటుంది. మీ పట్టికలోనే రెండు ఉదాహరణలున్నాయి.

1759 జనవరి 22న బాస్‌తేర్ దగ్గర కమడోర్ మూర్ ఓడలు ఒడ్డుకి బాగా దగ్గరగా లంగరు వేసి రోజంతా కొట్టాయి. నీటికి దగ్గరగా, పల్లంలో ఉన్న బురుజులు నోరు మూసుకున్నాయి. రాత్రికి బాంబు ఓడల గుండ్లతో ఊరు అంటుకుంది, గోదాముల్లో ఉన్నది పంచదార, రమ్ము కాబట్టి ఆర్పడానికి వీల్లేకపోయింది.

1762 జూలై 1న హవానాలో మోరో కోట మీద బ్రిటిష్ కెప్టెన్ హార్వే మూడు పెద్ద నౌకలతో అదే పని చేయబోయాడు. మోరో సముద్రం ఒడ్డున ఎత్తైన రాతిగుట్ట మీద ఉంది. నౌక ఫిరంగి గవాక్షంలోంచి మూతి పైకెత్తడానికి ఒక హద్దుంది. దగ్గరికొస్తే గుళ్ళు గోడ కింది రాతికి తగులుతాయి, దూరం పోతే బలం చాలదు. పైనున్న వాడికి మాత్రం కింద నౌక తట్టు విశాలంగా కనిపిస్తుంది. కేంబ్రిడ్జ్ నౌక కెప్టెన్ చనిపోయాడు, మూడు నౌకలూ చిల్లులు పడి వెనక్కొచ్చాయి, కోటకి అటువైపు జరిగిన నష్టం స్వల్పం. ఒక్క లాభం, ఆ కొన్ని గంటలు కోటలోని ఫిరంగిదార్లు సముద్రం వైపు తిరగడంతో నేల మీద ఉన్న బ్రిటిష్ ఫిరంగులకి ఊపిరాడింది.

ఓడలతో కానప్పుడు గోడకి గండి కొట్టాల్సింది నేల మీంచే. దానికి 24 పౌండ్ల ఫిరంగి (24 పౌండ్ల బరువున్న గుండు వేసేది) కావాలి, ఫిరంగి ఒక్కొక్కటి రెండున్నర టన్నులు. రోజుకు 80 గుళ్ళు వేసినా ఫిరంగికి 870 కిలోల ఇనుము, గుండుకి 8 పౌండ్ల చొప్పున 290 కిలోల మందు. పది ఫిరంగుల బారుకి రోజుకు దాదాపు 12 టన్నులు ఒడ్డు నుంచి కొండ మీదికి మోయాలి. ఎడ్లు, గుర్రాలు ఉండవు. తాళ్ళు కట్టి లాగేది నావికులు, బానిసలు. 1762లో మార్టినిక్‌లో మోర్న్ తార్తాన్సోఁ గుట్ట మీది పోరుకి బ్రిటిష్ ఫిరంగుల్ని అలా నావికులే లాగారు.

మామూలు నేల అయితే కందకం తవ్వి ఆ మట్టినే గట్టుగా పోసుకుంటారు. మోరో ముందు మట్టే లేదు, రాతి మీద పలచటి పొర. మట్టిని దూరం నుంచి సంచుల్లో మోసుకొచ్చి, కట్టెల మోపులతో ఫిరంగి గట్టు కట్టారు. వాన లేని ఎండ, కట్టెలు ఎండిపోయాయి, తమ ఫిరంగుల నిప్పుకే జూలై 2, 3 తేదీల్లో గట్టంతా తగలబడింది. రెండు వారాలకు పైగా వందలమంది పడ్డ కష్టం బూడిదైంది. ఆ తర్వాత జమైకా నుంచి వెళ్తున్న వాణిజ్య ఓడల్లో దొరికిన దూది బేళ్ళు కూడా గట్టుకి వాడారు.

కోట చుట్టూ రాతిలో తొలిచిన లోతైన అగడ్త. సముద్రం అందులోకి పొంగకుండా మూల దగ్గర సన్నటి రాతి గోడలాంటి అంచు వదిలేశారు, దాని మీంచి ఒక్కొక్కరుగా దాటి సొరంగం తవ్వేవాళ్ళు బురుజు కిందికి చేరారు. జూలై 30న మందు పేల్చారు. పడిన గండి సన్నదే, కానీ అందులోంచే ఎక్కారు. కోటపతి వెలాస్కో గాయపడి మర్నాడు చనిపోయాడు. నగరం మరో రెండు వారాలే నిలబడింది.

నిజానికి అన్నిటికంటే పెద్ద పొరపాటు స్పానిష్ వాళ్ళది. మోరోని, ఊరిని కూడా పైనుంచి చూసే కబాన్యా గుట్టకి అప్పటిదాకా కోటే కట్టలేదు. బ్రిటిష్ వాళ్ళు జూన్ 11నే దాన్ని ఎక్కేశారు. 1763లో హవానా తిరిగి దక్కగానే స్పెయిన్ చేసిన మొదటి పని అక్కడ పెద్ద కోట మొదలుపెట్టడం. ఇంకో పొరపాటు, రేవు మూతిలో అడ్డంగా మూడు పెద్ద నౌకల్ని వాళ్ళే ముంచుకున్నారు. శత్రువు లోపలికి రాలేదు, నిజమే. తమ నౌకాదళమూ బయటికి పోలేక లోపలే చిక్కుబడి, తొమ్మిది మంచి యుద్ధనౌకలు బ్రిటిష్ వాళ్ళకి అప్పనంగా దొరికాయి.

గ్రెనడా మూడు రోజుల్లో పడిందంటే అక్కడ కబాన్యాలాంటి గుట్ట మీదే కాపలా అంతా పెట్టారు కాబట్టి. హాస్పిటల్ హిల్ మీద గవర్నర్ మెకార్ట్నీకి ఉన్నది కొద్దిమంది సైనికులు, స్థానిక దళం. దెస్తాఁ రాత్రివేళ మూడు దిక్కుల నుంచి ఎక్కించి గుట్ట పట్టేశాడు. అక్కడి ఫిరంగుల్నే తిప్పితే కిందనున్న కోట సూటిగా వాటి ముందుంది. ఇక గండి కొట్టే పనేముంది?

తీరరేఖ:

ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే గ్వాడలూప్ ఇంకా అర్థం కాలేదు. ఒక్క రోజులో ఊరు కాలిపోయింది, కోట ఖాళీ అయింది, జనవరి 24కల్లా బ్రిటిష్ వాళ్ళు ఒడ్డున ఉన్నారు. మరి మే దాకా ఏం చేశారు?

పాతదస్త్రం:

కూర్చున్నారు, జబ్బు పడ్డారు. దీవి పటం చూడండి. గ్వాడలూప్ ఒక్క దీవి కాదు, సీతాకోకచిలుక రెక్కల్లాంటి రెండు. పడమటి రెక్క కొండలు, అడవి. తూర్పు రెక్క గ్రాండ్‌తేర్ చదును నేల, చెరకు తోటలు. నడుమ సన్నటి ఉప్పునీటి పాయ. ఫ్రెంచి గవర్నర్ నదో దు త్రెయ్ ఊరు వదిలి వెనకనున్న కొండ కనుమలో కూర్చున్నాడు. అది బ్రిటిష్ జనరల్ హాప్సన్ ఎక్కలేని చోటు. హాప్సన్ కాలిన ఊళ్ళో గుడిసెల్లో సైన్యాన్ని ఉంచాడు. జనవరి ముగిసేసరికే దాదాపు 1,500 మంది మంచమెక్కారు, అంటే నలుగురిలో ఒకరు. ఫిబ్రవరి 27న హాప్సనే పోయాడు.

తర్వాత వచ్చిన బారింగ్టన్ లెక్క మార్చాడు. బాస్‌తేర్ కోటలో ఒక్క రెజిమెంట్‌ని ఉంచి, తక్కినవాళ్ళని ఓడలెక్కించి గ్రాండ్‌తేర్ వైపు ఫోర్ లూయీకి తీసుకుపోయాడు. అక్కడా ఎదురుగాలే, కొన్ని రవాణా ఓడలు చేరడానికే రోజులు పట్టాయి. నడవగలిగిన సైనికులు సుమారు 1,500 మందే మిగిలారు. వాళ్ళతో కోటల జోలికి పోలేదు. చిన్న దళాలుగా విడదీసి, పడవల్లో తెల్లవారుజామున ఒక ఊరి పక్కన దింపడం, తోటలు, చెరకు గానుగలు, గోదాములు తగలబెట్టడం, మళ్ళీ ఎక్కించుకుని ఇంకో ఊరికి. సెయింట్ ఆన్, సెయింట్ ఫ్రాన్స్వా, గోసియే అలా పోయాయి. ఆ తర్వాత క్లేవరింగ్ అనే కర్నల్ పడమటి రెక్క తూర్పు తీరం వెంట ఒక్కో ఊరూ దాటుకుంటూ కాపెస్తేర్ దాకా వెళ్ళాడు. (ఈ క్లేవరింగే తర్వాత కలకత్తాలో వారన్ హేస్టింగ్స్‌తో కౌన్సిల్లో తగువులాడినవాడు. గండికోట గారు చెప్పిన మెకార్ట్నీ కూడా గ్రెనడా పోగొట్టుకున్న రెండేళ్ళకి మద్రాసు గవర్నరుగా వచ్చాడు.)

ఈ పద్ధతి పనిచేయడానికి కారణం పంట కాలం. కరీబియన్‌లో చెరకు నరికి గానుగాడేది జనవరి నుంచి జూన్ లోపు. మార్చి, ఏప్రిల్లో గానుగ తగలబడితే పొలంలో నిలబడ్డ చెరకు కూడా పోయినట్టే. గవర్నర్ రాజుగారి కోసం కొండల్లో కూర్చోగలడు. తోటల యజమానులు కూర్చోలేరు, స్థానిక దళంలో ఉన్నది వాళ్ళే.

లొంగుబాటు షరతులు చూస్తే ఎవరి బేరమో తెలుస్తుంది. ఆస్తులు ఎవరివి వాళ్ళవే, చట్టాలు, మతం పాతవే, ఫ్రెంచి రాజు మీద ఆయుధం పట్టమని ఎవర్నీ బలవంతపెట్టకూడదు. పైగా లండన్ పంచదార బజారు తెరుచుకుంది. బ్రిటిష్ ఏలుబడిలో ఉన్న నాలుగేళ్ళలో లివర్‌పూల్, బ్రిస్టల్ ఓడలు వేలమంది ఆఫ్రికన్లని అక్కడికి తెచ్చి అమ్మాయి. ఆ ఒప్పందాల్లో ఆస్తి అన్న మాట కింద పొలాలతో పాటు మనుషులు కూడా ఉన్నారు. దీవి ఎవరిదైనా వాళ్ళ బతుకు మారలేదు. ముట్టడిలో ఫిరంగులు లాగింది, గుళ్ళు మోసింది, జ్వరం పడితే లెక్కలోకి ఎక్కకుండా పోయింది కూడా వాళ్ళే.

గాలివాటు:

పాతదస్త్రం గారు చెప్పిందంతా సరే, తోటలు కాల్చడం ఒక్కటే ఇంత చేసిందంటే ఒప్పుకోను. ఒక సంగతి కలపాలి. మార్చిలో బొంపార్ నాయకత్వంలో ఫ్రెంచి నౌకాదళం మార్టినిక్ చేరింది. మూర్ వెంటనే బాస్‌తేర్ ముందు కాపలా వదిలేసి, రెండు దీవుల మధ్యనున్న డొమినికాలో ప్రిన్స్ రూపర్ట్స్ బేకి పోయి కూర్చున్నాడు. మూర్‌ని అప్పట్లో చాలామంది తిట్టారు, బొంపార్‌ని ఎదురెళ్ళి కొట్టలేదని. కానీ బొంపార్ గ్వాడలూప్ తూర్పు తీరంలో సైనికుల్ని, తుపాకుల్ని దించింది ఎప్పుడో తెలుసా? లొంగుబాటు సంతకాలు అయీ కాగానే. సంతకం చేసినవాళ్ళు మాట తప్పడానికి ఒప్పుకోలేదు, ఆయన మళ్ళీ ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. ఆయన ఒక్క వారం ముందొస్తే 1,500 మంది బారింగ్టన్ ఏమయ్యేవాడో చెప్పలేం.

పట్టికలో మిగతావి కూడా ఇలాగే చూడండి. గ్రెనడా జూలై 4న లొంగితే బ్రిటిష్ అడ్మిరల్ బైరన్ నౌకలు కనిపించింది 6న. బైరన్ అంతకుముందు పంచదార ఓడల గుంపుకి కాపలాగా పోయాడు, ఆ సందులోనే దెస్తాఁ వచ్చాడు. ట్రింకోమలీకి బ్రిటిష్ అడ్మిరల్ హ్యూస్ చేరేసరికి కోట మీద ఫ్రెంచి జెండా ఎగిరి రెండు మూడు రోజులే అయింది.

నౌకాదళం సమయానికొచ్చినా చాలదు, దించడానికి సైనికులుండాలి. 1782లో సెయింట్ కిట్స్ దగ్గర బ్రిటిష్ అడ్మిరల్ హుడ్ చేసినంత అందమైన పని ఆ యుద్ధంలో ఇంకొకటి లేదనొచ్చు. జనవరి 25న ద గ్రాస్‌ని రేవులోంచి బయటికి లాగి, తానే ఆ లంగరు చోటు ఆక్రమించి, మర్నాడు రెండుసార్లు దాడి తిప్పికొట్టాడు. అయినా కొండ మీది బ్రిమ్‌స్టోన్ హిల్ కోట చుట్టూ ఫ్రెంచి సైన్యం అలాగే ఉంది. ఫిబ్రవరి 13న కోట పడింది, 14 రాత్రి హుడ్ లంగరు తాళ్ళు కోసి, తేలుబుడ్ల మీద దీపాలు వదిలి, చప్పుడు లేకుండా జారుకున్నాడు. గండికోట గారు, ఆ కోట ఫిరంగుల సంగతి మీరే చెప్పాలి.

గండికోట:

అది సిగ్గుచేటు వ్యవహారం. కోట కోసం పంపిన ఎనిమిది ఇత్తడి 24 పౌండ్ల ఫిరంగులు, రెండు 13 అంగుళాల మోర్టార్లు, 6,000 గుళ్ళు, 1,500 పేలుడు గుండ్లు గుట్ట కిందే పడి ఉన్నాయి. పైకి లాగడానికి బానిసల్ని పంపమంటే తోటల యజమానులు పంపలేదు. బుయే వచ్చి వాటిని తీసుకుని, అవే గుళ్ళతో కోటని కొట్టాడు.

దీనికి తలకిందుల ఉదాహరణ 1778 డిసెంబరు, సెయింట్ లూసియా. బ్రిటిష్ సైన్యం 13న దిగింది, దెస్తాఁ 14నే వచ్చేశాడు, 12 పెద్ద నౌకలతో. బారింగ్టన్ (గ్వాడలూప్ బారింగ్టన్ తమ్ముడు, నావికుడు) రాత్రికి రాత్రే తన నౌకల్ని గ్రాండ్ కుల్ ద సాక్ అఖాతం మూతికి అడ్డంగా, రెండు చివరలా ఒడ్డు ఫిరంగుల అండతో బారుగా నిలిపాడు, రవాణా ఓడల్ని లోపలికి తోశాడు. 15న దెస్తాఁ రెండుసార్లు కొట్టినా ఆ బారు చెదరలేదు. 18న నేల మీద లా వీజీ గుట్టని మూడుసార్లు ఎక్కబోయి 400 మంది చావుతో వెనక్కొచ్చాడు, గుట్ట మీద బ్రిటిష్ జనరల్ మెడోస్ దగ్గర ఉన్నది సుమారు 1,300 మంది. ముందు రోజు దిగడం వల్లే ఆ గుట్ట వాళ్ళకి దక్కింది.

సారంగు:

అందరూ కరీబియన్ మీదే ఉన్నారు. తూర్పు సముద్రంలో లెక్క వేరు, ఇక్కడ గాలి ఆరు నెలలకోసారి దిక్కు మారుస్తుంది. కోరమాండల్ తీరంలో అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనం, మద్రాసు, పుదుచ్చేరి ముందు లంగరు వేసిన ఓడకి చాటు లేదు. 1746 అక్టోబరులో ఫ్రెంచి సేనాని లా బుర్దొనే నౌకల్ని మద్రాసు ముందే తుఫాను ముక్కలు చేసింది. బంగాళాఖాతం పడమటి అంచున ఏ కాలంలోనైనా నిలబడదగిన రేవు ట్రింకోమలీ ఒక్కటే, అందుకే దాని కోసం అంత గుంజులాట. 1782 జనవరి 11న హ్యూస్ డచ్చి వాళ్ళ నుంచి ఊస్టెన్‌బర్గ్ కోట లాక్కున్నాడు, కొద్దిపాటి దళాన్ని వదిలి వెళ్ళాడు. ఆగస్టులో సుఫ్రెన్ దిగి, ఫిరంగి గట్లు కట్టి, కాల్పులు మొదలుపెట్టిన ఒకటి రెండు రోజులకే బేరం పెట్టాడు: మర్యాదలతో బయటికి రండి, మా ఖర్చుతో మద్రాసు చేరుస్తాం. అంత ఉదారం ఎందుకంటే హ్యూస్ వస్తున్నాడని ఆయనకి తెలుసు. 30న ఒక కోట, 31న రెండోది. సెప్టెంబరు 3న హ్యూస్‌తో సముద్రంలో పోరు, ఎటూ తేలలేదు. కానీ రేవు ఫ్రెంచివాళ్ళకి మిగిలింది, రుతుపవనం రాగానే హ్యూస్ బొంబాయికి పోక తప్పలేదు.

ఇంకొకటి, మద్రాసు నుంచి బయల్దేరిన దండయాత్ర: మనీలా, 1762. డ్రేపర్ సైన్యానికి, కార్నిష్ నౌకలకి నాయకులు. 79వ రెజిమెంట్, కంపెనీ సిపాయిలు, లస్కర్లు, ఫిరంగిదళం, ఫ్రెంచి సైన్యం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళ రెండు కంపెనీలు, కొరతకి నావికులు. నైరుతి గాలి ఉండగానే పోవాలని ఆగస్టు మొదట్లో బయల్దేరారు. సెప్టెంబరు 23న మనీలా అఖాతంలోకి వస్తే, స్పెయిన్‌తో యుద్ధం మొదలైన కబురే ఆ ఊరికి సరిగా అందలేదు, గవర్నరు పదవిలో ఉన్నది ఆర్చ్‌బిషప్ రోహో. మర్నాడు పెద్ద అలల్లో దిగారు, పడవలు బోర్లాపడ్డాయి, మందు తడిసింది. గాలివాటు గారన్న పారలు, గునపాల ఓడ ఇక్కడే ఉంది: సౌత్ సీ కాసిల్ అనే ఆ ఓడ ఆలస్యంగా వచ్చి, వచ్చీ రాగానే గాలివానకి ఒడ్డెక్కింది. అదృష్టం ఏమంటే నిటారుగా ఇసుకలో కూరుకుంది. సామాను పొడిగా దిగింది, దాని ఫిరంగులు ఒడ్డుకి కాపలా కూడా కాశాయి. నైరుతి బురుజుకి గండి పడింది, అక్టోబరు 6 ఉదయం లోపలికెళ్ళారు.

ఊరిని దోచుకోకుండా 40 లక్షల స్పానిష్ డాలర్లు ఇమ్మన్నారు. సగం అక్కడికక్కడ, సగం స్పెయిన్ ఖజానా మీద హుండీ (తర్వాత చెల్లిస్తామన్న కాగితం). ఆ హుండీని స్పెయిన్ ఎప్పుడూ చెల్లించలేదు. సంధి ముసాయిదా మీద నవంబరు 3న సంతకాలైనప్పుడు మనీలా పడిన కబురు యూరప్ చేరలేదు. కబురు తెలియని చోట్లన్నీ ఉత్తినే తిరిగివ్వాలని అందులో ఉంది. హవానాకి బదులు ఫ్లోరిడా దక్కింది, మనీలాకి ఏమీ దక్కలేదు.

డబ్బు మాటొచ్చింది కాబట్టి: హవానా దోపిడీ సొమ్ము పంపకంలో సేనాని ఆల్బెమార్ల్‌కి, అడ్మిరల్ పోకాక్‌కి చెరో 1,22,697 పౌండ్లు. మామూలు సైనికుడికి 4 పౌండ్ల చిల్లర, నావికుడికి 4 పౌండ్లు కూడా లేదు. అది తీసుకోవడానికి బతికున్నవాళ్ళెంతమంది? అక్టోబరు నడిమికి సైన్యంలో సుమారు 4,700 మంది జబ్బుతో పోయారు, పోరులో, గాయాలతో పోయినవాళ్ళు 600 లోపే. దోమ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు, చెడుగాలి అనుకునేవారు. యజమాని ఇంటి నీటి తొట్టి, ఓడ మీది నీటి పీపా, పంచదార కుండల్లో నిలిచిన వాననీరు, ఎల్లో ఫీవర్ దోమకి ఇవన్నీ చాలు. ఎప్పుడో చిన్నప్పుడే జ్వరం వచ్చి తగ్గిన స్థానికులకి అది మళ్ళీ రాదు, యూరప్ నుంచి కొత్తగా దిగినవాళ్ళకి వస్తుంది. అందుకే కోటపతి ఎనిమిది వారాలు నిలబడితే చాలు, గోడ చేయలేనిది జ్వరం చేస్తుంది. వెలాస్కో దాదాపు చేసి చూపించాడు. ఉత్తర అమెరికా నుంచి అదనపు సైన్యం జూలై చివర్లో చేరకపోతే ఆల్బెమార్ల్ దగ్గర ఊరిని చుట్టుముట్టేంత మంది మిగిలేవారు కాదు.

తీరరేఖ:

పట్టికకి మూడు గడులు చేర్చాను: దిగిన నెల, కోటకంటే ఎత్తైన గుట్ట ఎవరి చేతిలో ఉంది, సహాయ నౌకాదళం ఎప్పుడు చేరింది. చాలావరకు కుదురుతోంది. కానీ మినోర్కా 1756 కుదరడం లేదు. ఫ్రెంచివాళ్ళు ఏప్రిల్ 18న దిగారు, బ్రిటిష్ అడ్మిరల్ బింగ్ మే 20కి వచ్చాడు, బ్రిటిష్ వాళ్ళ సెయింట్ ఫిలిప్ కోట జూన్ 28 దాకా నిలబడింది. సహాయం ఐదు వారాలు ముందే వచ్చింది కదా?

గండికోట:

వచ్చింది, దిగలేదు. బింగ్ ఓడల్లో కోట కోసం తెచ్చిన పటాలం ఉంది, నౌకల్లో మెరీన్లకి (ఓడ మీదుండే సైనికులకి) బదులు వాళ్ళనే ఎక్కించుకొచ్చాడు. వాళ్ళని దించితే నౌకలకి మనుషులు చాలరు, దించకపోతే వచ్చిన పనే లేదు. 20న ఫ్రెంచి నౌకాదళపతి లా గలిసోన్యేర్‌తో పోరులో ముందు వరస నౌకలు దెబ్బతిన్నాయి, 24న కెప్టెన్లతో సమావేశం పెట్టి జిబ్రాల్టర్‌కి తిరిగిపోయాడు. కోటలో ఎనభై దాటిన బ్లేక్నీ, సెలవు మీద పోయి తిరిగిరాని అధికారుల ఖాళీలతోనే మరో నెల నెట్టుకొచ్చాడు. బింగ్‌ని 1757 మార్చి 14న సొంత నౌకాదళమే కాల్చి చంపింది. మీ మూడో గడిలో చేరిన తేదీ కాదు, సైనికులు ఒడ్డు మీద కాలు పెట్టిన తేదీ రాయండి. మినోర్కా గడి ఖాళీగా ఉంటుంది, సెయింట్ కిట్స్ గడిలో జనవరి 28 వస్తుంది. అక్కడ దించినవాళ్ళని మర్నాడే మళ్ళీ ఎక్కించుకున్నారు.